పొలం నుంచి ఏం బయటికి పోతోంది? చిన్న కుటుంబ సేద్యం నిలిచే లెక్క

చిన్న కమతం మీద ఒక కుటుంబం ఎలా బతకాలన్న చర్చ ఎప్పుడూ దిగుబడి దగ్గరే మొదలవుతుంది. ఎకరాకు ఎంత పండింది, ధర ఎంత పలికింది, ఏ పంట వేస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి అనే ప్రశ్నలే వినిపిస్తాయి. అవి అడగాల్సినవే. కానీ ఒకే నేల మీద ఇరవై, ముప్పై ఏళ్లు నిలవాలనుకునే కుటుంబం వాటి కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ పొలం గట్టు దాటి ఏడాదిలో ఏమేం బయటికి పోతున్నాయి? పోయేవి ముఖ్యంగా నాలుగు: డబ్బు, నేలలోని సారం, నీళ్లు, మనుషుల ఒంట్లో సత్తువ. ఇవి పోయే వేగం తగ్గితే ఓ మోస్తరు దిగుబడితో కూడా ఇల్లు గడుస్తుంది. ఆ వేగం అదుపు తప్పితే మంచి దిగుబడి కూడా ఎక్కువ కాలం కాపాడలేదు. అందుకే చిన్న పొలానికి నిరాడంబరమైన బతుకు ఒక షరతు. అది తప్పితే మిగతా జాగ్రత్తలేవీ ఎక్కువ రోజులు ఆగవు.

ఇది ఎంతమందికి సంబంధించిన విషయమో చూద్దాం. 2021లో వెలువడిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో 60 కోట్లకు పైగా కమతాలున్నాయి. వాటిలో 84 శాతం రెండు హెక్టార్ల లోపువే, అంటే ఐదెకరాలకు మించనివి. మొత్తం సాగుభూమిలో వీటి వాటా 12 శాతమే. అయినా ప్రపంచం పండించే తిండిలో దాదాపు 35 శాతం వీటి నుంచే వస్తోంది. ఐక్యరాజ్యసమితి 2019 నుంచి 2028 వరకు కుటుంబ సేద్య దశాబ్దంగా ప్రకటించింది. ఎకరం లెక్కన చూస్తే చిన్న కమతమే ఎక్కువ పండిస్తుందన్న సంగతిని అమర్త్యసేన్ 1962లో భారతీయ వ్యవసాయ గణాంకాల్లో చూపించి చర్చకు పెట్టారు. అప్పటి నుంచి ఆర్థికవేత్తలు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. నేల నాణ్యతలో తేడాలని కొందరు, కొలతల్లో పొరపాట్లని మరికొందరు అన్నారు. కాదనలేని కారణం మాత్రం ఒకటుంది. కూలి ఇచ్చి పని చేయించేవాడు, ఆ కూలికి తగ్గ పంట రాదనుకున్న చోట పని ఆపేస్తాడు. సొంత కుటుంబం ఆ తర్వాత కూడా కలుపు తీస్తూనే ఉంటుంది, గట్టు మీద కూడా నాలుగు పాదులు పెడుతుంది. దాంతో ఎకరం దిగుబడి పెరుగుతుంది, గంట శ్రమకు దక్కే ఫలం తగ్గుతుంది. చిన్న సేద్యాన్ని పొగిడేవాళ్లు మొదటి సగమే చెబుతారు. రెండో సగం ఆ ఇంట్లో వంగి పని చేసేవాళ్ల నడుములకు తెలుసు.

ఇక తిండికి ఎంత నేల కావాలో చూద్దాం. ఐదుగురున్న ఇంట్లో పిల్లలూ పెద్దలూ కలిపి సగటున మనిషికి రోజుకు 2,200 కేలరీలు అనుకుంటే ఏడాదికి 40 లక్షల కేలరీలవుతాయి. అందులో 60 శాతం ధాన్యం, పప్పుల నుంచి రావాలంటే, కిలోకు 3,500 కేలరీల చొప్పున సుమారు 700 కిలోలు కావాలి. విత్తనానికి తీసిపెట్టేది, నిల్వలో పోయేది, ఒక చెడ్డ ఏడాది కోసం దాచుకునేది కలిపి 900 కిలోలు అనుకుందాం. హెక్టారుకు రెండు టన్నులు పండే మామూలు నేలలో దీనికి ఎకరం పైచిలుకు సరిపోతుంది. కూరగాయలకు 200 చదరపు మీటర్లు, పండ్ల చెట్లకు ఇంకొంత. మనుషులు తినడానికి కావలసిన నేల చాలామంది అనుకునేదాని కన్నా తక్కువే.

పశువు వచ్చాక ఈ లెక్క మారిపోతుంది. తడి తీసేసి చూస్తే ఆవు రోజూ తన బరువులో రెండున్నర నుంచి మూడు శాతం మేత తింటుంది. 400 కిలోల ఆవుకు అది 10 నుంచి 12 కిలోలు, అంటే ఏడాదికి నాలుగు టన్నులు. ఇంటి ధాన్యం పండిన మడుల నుంచి వచ్చే గడ్డి టన్ను, టన్నున్నర ఉంటుందేమో. మిగతాది గట్ల మీద నుంచి, చెట్ల కొమ్మల నుంచి, ప్రత్యేకంగా వేసిన మేత మడి నుంచి రావాలి. నేల అంత బలమైనది కాకపోతే, ఇంటిల్లిపాదీ తినేందుకు కావలసినంత నేలను ఒక్క ఆవే అడుగుతుంది. పాలు బాగా ఉన్నాయని రెండో ఆవును కట్టేసి, ఆ తర్వాత మేత కొనడం మొదలుపెట్టే ఇళ్లలో లెక్క ఎక్కడ తప్పిందో ఇక్కడే వెతకాలి. కొన్న మేతతో నేలకు కొంత సారం వచ్చి చేరే మాట నిజమే. కానీ డబ్బు ప్రతి నెలా బయటికి పోతుంది.

చిన్న పొలాన్ని ముంచేది చాలాసార్లు ఒక పంట నష్టం కాదు. పంటతో సంబంధం లేకుండా కట్టి తీరాల్సిన ఖర్చే ముంచుతుంది. కోత, సంచులు, రవాణా లాంటివి పంట వస్తేనే పెరుగుతాయి, రాకపోతే తగ్గుతాయి. అప్పు వాయిదా, కౌలు, యంత్రం మరమ్మతు అలా తగ్గవు. వాన కురవలేదని వాయిదా తేదీ వెనక్కి జరగదు. కాబట్టి పంటల ఎంపిక కన్నా ముందు ఇంటి స్థిర ఖర్చును ఒక కాగితం మీద రాసుకోవాలి. గత ఐదారేళ్లలో అన్నిటికన్నా చెడ్డ ఏడాది వచ్చిన రాబడితో అది పూడుతుందా అని చూసుకోవాలి. మంచి ఏడాది రాబడిని చూసి తీసుకున్న అప్పును చెడ్డ ఏడాది రాబడితో తీర్చాల్సి రావడమే ఈ టెన్షన్ అంతటికీ మూలం.

యంత్రాల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. ఐదెకరాల పొలంలో ట్రాక్టర్‌కు ఏడాది మొత్తం మీద పని దొరికేది కొద్ది రోజులే. మిగతా రోజుల్లో అది షెడ్డులో ఉంటూ విలువ కోల్పోతుంది, వడ్డీ మాత్రం నడుస్తుంది. జర్మనీలోని బవేరియాలో 1958లో ఈ చిక్కుకు ఒక దారి కనిపెట్టారు. చుట్టుపక్కల రైతులు సంఘంగా చేరి, ఒకరి యంత్రం ఇంకొకరి పొలంలో పని చేసేలా, గంటల లెక్కన డబ్బు సర్దుబాటు చేసుకునేలా ఏర్పాటు చేసుకున్నారు. ఇలాంటి యంత్ర సంఘాలు తర్వాత ఆ దేశమంతా వ్యాపించాయి. యంత్రాన్ని పూర్తిగా వద్దనుకోవడం కన్నా ఇదే తెలివైన పని. ఒంటి చేత్తో దున్ని, ఒంటి చేత్తో నూర్చి బతకాలనే పట్టుదల అందంగా కనిపిస్తుంది కానీ, అది డబ్బు ఖర్చును తీసుకెళ్లి సత్తువ ఖాతాలో రాస్తుంది.

అమెరికాలో హెలెన్, స్కాట్ నియరింగ్ దంపతులు 1932లో వెర్మాంట్ కొండల్లో పాత పొలం కొని నిరాడంబరమైన బతుకును చాలా క్రమశిక్షణతో ఆచరించి చూశారు. ఏడాదికి ఎంత నగదు కావాలో ముందే తేల్చుకున్నారు. దాన్ని మేపుల్ చెట్ల పాకం అమ్మి సంపాదించారు. ఆ మొత్తం చేతికి రాగానే అమ్మకానికి పండించడం ఆపేశారు. రోజులో నాలుగు గంటలు తిండి కోసం శ్రమ, నాలుగు గంటలు చదువుకో, సంగీతానికో, ఇష్టమైన పనికో అని విడదీసుకున్నారు. అవసరమైనంత రాగానే ఆపడం అనే ఆ నియమం చిన్న సేద్యానికి చాలా విలువైనది. ఎందుకంటే నగదు అవసరానికి పైకప్పు లేకపోతే, మిగులు కనిపించిన ప్రతిసారీ నేలను ఇంకాస్త పిండాలనిపిస్తుంది. అయితే వాళ్ల ఉదాహరణను ఉన్నదున్నట్టు చూడాలి. ఆ పొలంలో వాళ్లకు పెంచాల్సిన పిల్లల్లేరు, పశువులు లేవు. రచనలు, ఉపన్యాసాల ఆదాయం కొంత ఉంది. చూడటానికి వచ్చి పని అందుకునే అతిథులూ ఉన్నారు. పసిపిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్న ఇంటికి నాలుగు గంటల లెక్క అలాగే వర్తించదు. నగదు పరిమితి నియమం మాత్రం వర్తిస్తుంది.

అన్నిటికన్నా నెమ్మదిగా, కంటికి కనబడకుండా పోయేది నేలలోని సారం. దీని గురించి ప్రపంచంలోకెల్లా ఎక్కువ కాలంగా సాక్ష్యం చెబుతున్న పొలం ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో ఉంది. అక్కడ 1843లో మొదలైన గోధుమ ప్రయోగం నేటికీ నడుస్తోంది. అందులో ఒక మడికి ఆనాటి నుంచి ఏ ఎరువూ వేయలేదు. ఆ మడి సున్నాకు పడిపోలేదు, ఇప్పటికీ హెక్టారుకు సుమారు ఒక టన్ను ఇస్తోంది. రాళ్లు అరిగి వచ్చే ఖనిజాలు, వానతో గాలితో వచ్చి పడే నత్రజని కలిసి అంతవరకు మోయగలవు. పక్కనే ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తున్న మడిలో సేంద్రియ కర్బనం (కుళ్లిన ఆకు, వేరు, పేడల నుంచి నేలలో నిలిచేది), ఏమీ వేయని మడితో పోలిస్తే రెట్టింపు దాటింది. ఈ రెండు మడుల మధ్య చిన్న రైతుకు పెద్ద పాఠం ఉంది. నేలను పట్టించుకోకపోతే అది చచ్చిపోదు, ఒక కనీస స్థాయికి దిగి అక్కడ ఆగుతుంది. ఆ స్థాయిలో కుటుంబం బతకలేదు. ఇక రెండో మడి దారిలో నడుద్దామంటే, ఒక ఆవు ఏడాదికి వేసే పేడ ఐదారు టన్నులు, మాగిన ఎరువుగా చేస్తే అందులో సగమో, అంతకన్నా తక్కువో. హెక్టారుకు 35 టన్నులు వేయడం ఒక్క ఆవు ఉన్న ఇంటి వల్ల కాదు. పైగా పశువు సారాన్ని కొత్తగా పుట్టించదు. గట్టు మీద, బీడులో మేసినదాన్ని మడిలోకి మోసుకొస్తుంది, అంతే.

అందువల్ల ఏం అమ్ముతున్నామన్నది ఎంతకు అమ్ముతున్నామన్నంత ముఖ్యం. ఒక టన్ను ధాన్యం గట్టు దాటితే దానితో పాటు దాదాపు 20 కిలోల నత్రజని, మూడు నాలుగు కిలోల భాస్వరం, నాలుగైదు కిలోల పొటాషియం పోతాయి. వెయ్యి లీటర్ల పాలతో ఐదు కిలోల నత్రజని, కిలో వరకు భాస్వరం పోతాయి. నూనె, వెన్న, తేనె సంగతి వేరు. వాటిలో ఉన్నది దాదాపుగా కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే. అవి గాలి నుంచి, నీటి నుంచి వచ్చినవి. గింజల్ని అమ్మకుండా నూనె ఆడించి నూనెనే అమ్మి, నూనె తీశాక మిగిలే చెక్కను పశువుకు పెట్టి, పేడను మడికి చేర్చే ఇల్లు నేల నుంచి అమ్ముతున్నది ఏమీ లేదనే చెప్పవచ్చు. ఎండనూ వాననూ అమ్ముతోంది. చిన్న పొలానికి ఇంతకన్నా మంచి వ్యాపారం దొరకదు. గడ్డిని అమ్ముకోవడం దీనికి సరిగ్గా ఎదురు. పైరులోని పొటాషియంలో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది, దానికి దొరికే ధరలో ఆ పొటాషియం విలువ సాధారణంగా కనిపించదు. ఇక పొలంలోనే గడ్డికి నిప్పు పెడితే నత్రజని పొగలో పోతుంది.

పోయిన నత్రజనిని గాలి నుంచి తిరిగి తెచ్చుకోవచ్చు. పప్పుజాతి మొక్కలు ఆ పని చేస్తాయని అందరికీ తెలుసు, కానీ తమ పొలంలో చేస్తున్నాయో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. పూతకు వచ్చే వేళ ఒక మొక్కను లాగేయకుండా, చుట్టూ గుల్లగా తవ్వి మట్టిబెడ్డతో సహా తీయాలి. నీళ్లలో ముంచి మట్టి వదిలిస్తే వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడాలి. లోపల గులాబీ రంగో, నెత్తురు రంగో ఉంటే పని జోరుగా సాగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు లేదా బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియా పనికొచ్చే రకం కాదు. ఆకుపచ్చగా, గోధుమ రంగుగా మారితే దాని పని అయిపోయింది. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే పదార్థానిది. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు అది దగ్గరి బంధువు. ఇక్కడ మర్చిపోకూడని సంగతి ఇంకొకటి ఉంది. గింజ గట్టిపడ్డాక మొక్క కూడబెట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకే చేరుతుంది. పప్పుల పంట వేసి గింజలన్నీ అమ్మేస్తే నేలకు మిగిలేది కొంచెమే. నేలకే ఇవ్వాలనుకున్న పైరును పూత దశలోనే పచ్చిరొట్టగా కలియదున్నాలి. ఒక పంట కారులో ఒక మడిని అలా నేలకే వదిలేయడానికి మనసు ఒప్పాలి. నగదు అవసరం తక్కువగా ఉన్న ఇంటికే ఆ ధైర్యం ఉంటుంది.

రసాయన ఎరువు గురించి ఒక మాట. 1913లో జర్మనీలోని ఒప్పావులో గాలిలోని నత్రజనిని ఫ్యాక్టరీలో అమ్మోనియాగా మార్చడం మొదలైంది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆ నత్రజని మీద ఆధారపడి ఉందని అంచనా. అలాంటిదాన్ని విషమని తిట్టడం న్యాయం కాదు. చిన్న పొలానికి దానితో చిక్కు వేరే ఉంది. అది ప్రతి కారుకూ కొనాల్సిందే, ధర రైతు చేతిలో ఉండదు, నేలలో కర్బనాన్ని అది నేరుగా తెచ్చిపెట్టదు. ఒక చెడ్డ ఏడాదిలో ఒక బస్తా వేయడం తప్పేమీ కాదు. అది లేకుండా ఏ పైరూ లేవని స్థితికి నేలను తెచ్చుకోవడమే తప్పు. భాస్వరానికైతే గాలిలో నిల్వ లేదు. అది రాతి నుంచే రావాలి. బయటికి పోయినదాన్ని కొని తేవాలి, లేదా పోకుండా ఆపుకోవాలి.

ఆపుకునే పనిలో పెంటపోగుది పెద్ద పాత్ర. ఒక భాగం నత్రజనికి 25 నుంచి 30 భాగాల కర్బనం ఉండేలా కలిపితే పోగు బాగా మాగుతుంది. ఎండుగడ్డిలో ఈ పాళ్లు 80 దాకా, పచ్చి పేడలో 20 దగ్గర ఉంటాయి. కాబట్టి రెండూ పొరలు పొరలుగా పడాలి. పోగు వేసిన మూడో, నాలుగో రోజున ఇనుప కడ్డీని నడిమికి దించి, కాసేపాగి తీసి పట్టుకుంటే సంగతి తెలిసిపోతుంది. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే 55, 60 డిగ్రీలకు చేరినట్టు. కలుపు విత్తనాలు, తెగుళ్ల క్రిములు చాలావరకు ఆ వేడికి పోతాయి. కడ్డీ గోరువెచ్చగానే ఉంటే తడో, గాలో, పేడో తక్కువైందన్నమాట. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ తగలాలి, నీరు కారకూడదు. ముక్కుపుటాలు అదిరేలా ఘాటు వాసన వస్తే నత్రజని అమ్మోనియాగా గాలిలోకి పోతోంది. వెంటనే ఎండాకు కప్పి కలపాలి. ఇండోర్‌లో 1924 నుంచి 1931 వరకు పని చేసిన ఇంగ్లండ్ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ ఈ పద్ధతిని కొలతలతో స్థిరపరిచారు. ఆసియా రైతులు తరతరాలుగా చేస్తున్నదాన్ని గమనించి, దానికి శాస్త్రీయమైన క్రమం ఇవ్వడమే ఆయన చేసిన మేలు.

మనుషులు తిన్న సారం ఎక్కడికి పోతోందన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ ఎత్తరు. ఒక పెద్ద మనిషి మూత్రంలో ఏడాదికి సుమారు నాలుగు కిలోల నత్రజని బయటికి పోతుంది. ఐదుగురున్న ఇంట్లో అది ఒక టన్ను ధాన్యంలో ఉన్న నత్రజనికి కాస్త అటూ ఇటూ సమానం. అమెరికా నేలల శాస్త్రవేత్త ఎఫ్.హెచ్. కింగ్ 1909లో చైనా, కొరియా, జపాన్‌లలో తిరిగినప్పుడు, వేల ఏళ్లుగా సాగవుతున్న నేలలు ఇంకా ఎలా పండుతున్నాయో వెతికితే దొరికిన కారణాల్లో ముఖ్యమైనది ఇదే: ఊళ్లలో మనుషులు విసర్జించినది తిరిగి పొలాలకు చేరడం. మూత్రాన్ని విడిగా పట్టి, నీటితో పలుచన చేసి, ఆకుల మీద పడకుండా మొక్క మొదట్లో పోసి, కోతకు నెల ముందే ఆపేస్తే సొంత ఇంటి పంటకు పెద్ద ప్రమాదం ఉండదు. మలం విషయంలో అంత తేలిగ్గా ఉండకూడదు. ఏలిక పాముల గుడ్లు అందులో నెలల తరబడి బతికే ఉంటాయి. దాన్ని విడిగా, ఎక్కువ కాలం మాగనిచ్చి చెట్లకే వాడాలి.

నీటి విషయంలో అందరి దృష్టీ తొట్ల మీద, కుంటల మీద ఉంటుంది. లెక్క చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల పైకప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం పట్టుకోగలిగితే 64,000 లీటర్లు. చాలా ఎక్కువ అనిపిస్తుంది. కానీ ఎండాకాలంలో 200 చదరపు మీటర్ల కూరగాయల మడి రోజుకు ఐదు మిల్లీమీటర్లు తాగితే అది వెయ్యి లీటర్లు. తొట్టి రెండు నెలలకే ఖాళీ. ఇప్పుడు నేలను చూద్దాం. మీటరు లోతున్న మంచి గరప నేల, పైరుకు అందే నీటిని 150 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. ఒక్క ఎకరంలో అది ఆరు లక్షల లీటర్లు. ఇసుక నేలలో సగమో, ఇంకా తక్కువో. ఏ కుటుంబమూ సొంత ఖర్చుతో కట్టలేనంత పెద్ద చెరువు అప్పటికే కాళ్ల కింద ఉంది. దానిలోకి నీరు దిగేలా వాలుకు అడ్డంగా గట్లు వేయడం, వాన దెబ్బకు నేల పైపొర బిగుసుకోకుండా గడ్డో ఆకులో కప్పి ఉంచడం, కర్బనం పెంచడం మొదట చేయాల్సిన పనులు. బోరు, మోటారు, తొట్టి ఆ తర్వాతివి. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, మోటారు కోసం చేసిన అప్పుతో మళ్లీ నగదు పంటల వెంట పడతారు.

సత్తువ లెక్కను మొదట శ్రద్ధగా రాసినవాడు రష్యా ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయానోవ్. కుటుంబ సేద్యం లాభం కోసం నడిచే కంపెనీలా ప్రవర్తించదని ఆయన 1920లలో చెప్పాడు. తిండికీ అవసరాలకూ కావలసింది ఒకవైపు, ఒళ్లు పడే కష్టం ఇంకోవైపు తూచి, రెండూ సమానమైన చోట కుటుంబం పని ఆపుతుంది. అంతేకాదు, ఇంట్లో తినే నోళ్లకూ పని చేసే చేతులకూ ఉన్న పాళ్లు మారే కొద్దీ అదే కుటుంబం పనిచేసే తీరు మారుతుంది. కొత్తగా పెళ్లయిన జంట ఇద్దరే పని చేసి ఇద్దరే తింటారు. పదేళ్లకు అదే ఇద్దరు పని చేసి ఐదుగురు తినాలి. ఇంకో పదేళ్లకు పిల్లలు చేతికి అంది వస్తారు. సోవియట్ ప్రభుత్వం ఆయనను 1930లో అరెస్టు చేసి 1937లో కాల్చి చంపింది. రైతుల పొలాలను కలిపేసి సమష్టి క్షేత్రాలుగా మార్చే తొందరలో చిన్న రైతు లెక్క చెప్పే గొంతుకు చోటు లేకపోయింది. ఆయన చెప్పినది ఇప్పటికీ పనికొచ్చేది ఎక్కడంటే, పసిపిల్లలున్న ఆ పదేళ్లలోనే. పొలాన్ని పెంచాలనీ, కొత్త షెడ్డు కట్టాలనీ, ఇంకో ఆవును తేవాలనీ ఒత్తిడి ఎక్కువగా ఉండేది అప్పుడే, చేతులు తక్కువగా ఉండేదీ అప్పుడే. ఆ ఏళ్లలో పనిని పెంచకుండా నిలబడటం చాలా ఇళ్లను కాపాడుతుంది.

రకరకాల పంటలు వేయడాన్ని సాధారణంగా చీడపీడల కోణంలోనో, రిస్క్ కోణంలోనో సమర్థిస్తారు. పనిని ఏడాది పొడవునా పరచడంలో ఉన్న మేలు అంతకన్నా పెద్దది. ఒకే పంట వేస్తే నాట్లూ కోతలూ అందరికీ ఒకేసారి వస్తాయి, ఆ రెండు వారాలు కూలీలు దొరకరు, దొరికినా కూలి ఆకాశంలో ఉంటుంది. వేర్వేరు నెలల్లో కోతకొచ్చే ఐదారు పంటలుంటే ఇంటివాళ్లే చాలావరకు లాగేస్తారు. అయితే పాతిక రకాల పంటలు, నాలుగు రకాల జంతువులు పెట్టుకున్న చోట ఏ పనీ సమయానికి జరగదు. పాడి పశువు ఉన్న ఇంట్లో ఏడాదిలో ఒక్క పూట కూడా సెలవు లేదన్న సంగతి ముందే తెలుసుకుని దిగాలి.

నిల్వ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ధాన్యంలో తేమ 12, 13 శాతానికి దిగాలి. గింజను పంటి కింద పెడితే పటుక్కున విరగాలి, నలిగితే ఇంకా ఎండ కావాలి. గాలి చొరబడని డబ్బాలో నిండుగా పోసి మూత బిగిస్తే, లోపలి పురుగులు ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుని అవే చస్తాయి, మందు అక్కర్లేదు. విత్తనానికి ఇంకా ఆరబెట్టాలి. తేమ ఒక శాతం తగ్గితే విత్తనం ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందన్నది పాత లెక్క. తనలో తానే పరాగ సంపర్కం జరుపుకునే పంటల విత్తనాన్ని ఇంట్లోనే సులువుగా కాపాడుకోవచ్చు. పక్క పొలం పుప్పొడితో కలిసిపోయే వాటికి దూరం పాటించాలి, ఎక్కువ మొక్కల నుంచి గింజ తీయాలి. హైబ్రిడ్ గింజను దాచి వేస్తే మరుసటి తరంలో మొక్కలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా వస్తాయి.

ఇన్ని చేసినా పొలంలో పండనివి కొన్ని ఉంటాయి. ఆపరేషన్ ఖర్చు, పిల్లల చదువు, ఉప్పు, ఇనుము, మందులు, కరెంటు. పూర్తి స్వయంసమృద్ధి అనే మాట ఎక్కువమందిని నిరాశపరిచేది ఇక్కడే. నిజానికి అమెరికా లాంటి దేశంలో కూడా ఎక్కువ వ్యవసాయ కుటుంబాలకు ఆదాయంలో పెద్ద భాగం పొలం బయటి ఉద్యోగం నుంచే వస్తుంది. ఇంట్లో ఒకరు బయట పని చేయడాన్ని ఓటమిగా చూడకూడదు. ఆ నగదు స్థిర ఖర్చును మోస్తే పొలం మీద ఒత్తిడి తగ్గుతుంది, మడిని ఒక కారు పచ్చిరొట్టకు వదిలే వీలు దొరుకుతుంది. ఆ జీతాన్ని చూసి పెద్ద యంత్రానికి అప్పు చేస్తే మాత్రం, ఉద్యోగం పొలాన్ని మోయడం మొదలవుతుంది.

వయసు గురించి ఈ తరహా బతుకును ఎంచుకునేవాళ్లు ఆలస్యంగా ఆలోచిస్తారు. ముప్పై ఏళ్ల ఒంటికి సరిపోయేలా వేసుకున్న పొలం అరవై ఏళ్ల ఒంటికి సరిపోదు. దున్ని, విత్తి, కలుపు తీసే మడుల వైశాల్యాన్ని పదేళ్లకోసారి కొంత కొంత తగ్గించి, ఆ నేలను చెట్లకూ శాశ్వత పచ్చికకూ మార్చుకుంటూ పోవాలి. కాపుకు రావడానికి ఏళ్లు పట్టే చెట్లను అందుకే మొదటి ఏడాదే నాటాలి. పొలంలో దిగిన కొత్తలో డబ్బూ తీరికా లేవని అందరూ వాయిదా వేసే పని అదే.

వారసత్వం దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. ఐదెకరాలను ఇద్దరికి పంచితే చెరి రెండున్నర ఎకరాలు వస్తాయి, కానీ ఆవు మేత లెక్క సగానికి సగం కాదు, పూర్తిగా చెదిరిపోతుంది. సగం ఆవును ఎవరూ మేపలేరు, సగం బావిని తోడలేరు. అందుకని ధాన్యం మడులను పంచుకుని, బావి, పశువుల కొట్టం, మేత బీడు, యంత్రాలు ఉమ్మడిగా ఉంచుకోవడం మేలు. వాటిలో ఎవరి వంతు ఎంత, మరమ్మతు ఎవరు చేయించాలి, ఒకరు ఊరు విడిచి పోతే వాళ్ల వాటాకు ఎలా వెల కట్టాలి అన్నవి పెద్దవాళ్లు బతికుండగానే కాగితం మీదికి రావాలి.